ఆఫ్రికా పల్లెలలో మిషను సేవ: పుచ్చుకొన్నవారి తీర్పు

క్రైస్తవసంఘముల పక్షమున యువతీయువకులు జట్లుగా గూడి ఆఫ్రికాఖండమందలి పల్లెలకు సేవకై పోవుట నేటి లోకమున సాధారణమైనది. రెండు వారములో, ఒక మాసమో అచ్చట నుండి, బడిగోడ కట్టి, మందులు పంచి, పిల్లలకు బైబిలుకథలు చెప్పి వారు తిరిగి వత్తురు. వచ్చినవారు తాము చేసినదానిని గూర్చి సభలలో చెప్పుదురు. విన్నవారు చందా లిత్తురు. ఇందు చేసినవారి మాట సమృద్ధిగా వినవచ్చుచున్నది. చేయించుకొన్నవారి మాట మాత్రము అరుదు. దాతయే సాక్షియు దాతయే న్యాయాధిపతియు నైనచోట తీర్పు సరిగా నుండదు. కావున ఈ విషయమును పుచ్చుకొన్నవారి వైపునుండి విచారింపవలసి యున్నది. అట్టి విచారణ చేయుటకు ఆత్మకూరు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములవారికి ప్రత్యేకాధికారము గలదని మా యభిప్రాయము. ఏలయన, ఒకప్పుడు మిషనుజట్లు వెదకుకొనుచు వచ్చిన వెనుకబడిన పల్లె మనదే.

ఆత్మకూరు అమరచింత సంస్థానమునకు ముఖ్యపట్టణము. కృష్ణ కావలియొడ్డున గద్వాల సంస్థానము, తూర్పున వనపర్తి సంస్థానము. నైజాము ఏలుబడిలో ఈ సంస్థానములకు కోటలును, కవిపండిత గోష్ఠులును ఉండెను గాని, ఊరివెలుపలి వాడలకు బడియు వైద్యుడును లేకుండిరి. అట్టి కాలమున ఇచ్చటికి వచ్చినవారు మెన్నొనైట్ బ్రదరన్ అను సంఘమువారు. వీరి పూర్వులు ఐరోపాలో మతహింసకు తాళలేక దేశదేశములు తిరిగి రష్యాసామ్రాజ్యమున స్థిరపడిన రైతులు. యుద్ధము చేయరాదనుట వారి మతనియమము. ఈ సంఘము 1860లో దక్షిణరష్యాలో, అనగా నేటి ఉక్రెయిను దేశమున, పుట్టినది. 1889లో అబ్రహాము ఫ్రీసెను దంపతులు అచ్చటినుండి వచ్చి, అమెరికను బాప్టిస్టుల తోడ్పాటుతో నల్లగొండలో పని నారంభించిరి. అమెరికాకు వలసపోయిన మెన్నొనైటుల పక్షమున ఎన్. ఎన్. హీబర్టు 1899లో హైదరాబాదు రాజ్యమునకు వచ్చెను. 1904లో వచ్చిన డేనియలు బెర్గ్‌తోల్డు నాగర్‌కర్నూలును తన కార్యస్థానముగా జేసికొనెను. వనపర్తియందును కేంద్రము వెలసెను. బాప్టిస్టుల చేతిలోనున్న మహబూబునగరము, గద్వాల కేంద్రములు 1937లో వీరి వశమైనవి.

వీరు మనకు చేసిన దేమి? ఈ ప్రశ్నకు జాతీయవాదులలో రెండు తొందరపాటు సమాధానములు గలవు. మతము మార్చుటకే వచ్చిరని ఒకరు కొట్టివేయుదురు. వారే రాకున్నచో మనకు వెలుగే లేదని మఱియొకరు చేతులు జోడింతురు. రెండును సరికావు. డాక్టరు కాథరినా షెల్లెన్‌బెర్గు చరిత్రము చూడుడు. ఆమె 1907లో ఈ దేశమునకు వచ్చి, పలుకేంద్రములలో వైద్యము చేసి, తుదకు శంషాబాదు ఆసుపత్రిలో పనిచేయుచు 1945లో మృతిచెందెను. ముప్పదియేడేండ్లకు మించిన సేవ యది. పరపురుషుని యెదుట చేయి చాపుటకైనను సిగ్గుపడు పల్లెస్త్రీకి ఆనాడు వైద్యురాలు దొరకుట సామాన్యమైన మేలు కాదు. ఆ మేలును మఱచుట కృతఘ్నత. అయినను ఆ మేలు వెంట మతబోధ వచ్చెననుటయు నిజమే. రోగి మంచము చెంత ప్రార్థన జరిగెననుటయు నిజమే. రెండు నిజములను ఒకేసారి చేతబట్టుకొనగల ధైర్యము మనకుండవలెను.

ఇక మనవంతు తప్పును చెప్పుకొనకున్న న్యాయము కాదు. మిషనుబళ్లలో చేరినవారు ఎవరు? అంటరానివారని ఊరిబావికడకు రానీయక, గుడిమెట్టు తొక్కనీయక, మనము దూరముంచిన మాల మాదిగ కుటుంబములవారే అధికులు. వారికి అక్షరము చెప్పుటకు ఏడుసముద్రములు దాటి ఒకరు వచ్చిరి. ఊరి పెద్దరైతు నాలుగు వీధులు దాటి పోలేదు. ఇట్లుండగా, వారు మతము విడిచి పోయిరని వాపోవుట పొలము బీడుపెట్టి, పొరుగువాడు దున్నెనని ఫిర్యాదు చేయుటవంటిది. ఈ మాట చదువరులలో కొందఱకు కటువుగా దోచవచ్చును. కాని 1930ల హరిజనోద్యమమున గాంధీమహాత్ముడు సవర్ణులకు జ్ఞాపకముచేసినది ఈ సత్యమునే. మతమార్పిడిని ఫలముగా కోరు సేవను ఆయన మిషనరీల యెదుటనే నిరాకరించెను. సేవచేయని హిందువును అంతకంటె తీవ్రముగా మందలించెను.

పుచ్చుకొన్న పల్లెగా మన యనుభవ మట్టిది. ఇక తెలుగువాడే దాతయై ఆఫ్రికాకు పోయిన ఘట్టము కూడ చరిత్రలో నున్నది. అది మనలో పెక్కుమందికి తెలియదు.

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ చెన్నపట్నమునుండి కూలీలను గొని నేటాలుదేశపు డర్బను రేవు చేరెను. నాటినుండి 1911 వఱకు లక్షన్నరమందికి పైగా భారతీయులు కూలి యొడంబడికపై ఆ దేశమునకు గొనిపోబడిరి. చెన్నరేవునుండి పోయినవారిలో తమిళులతోబాటు తెలుగువారును పెక్కుమంది. అయిదేండ్ల ఒడంబడిక; మొదటి యేట నెలకు పది షిల్లింగుల జీతము; చెఱకుతోటలో పని. గడువు తీరిన పిమ్మట అచ్చటనే స్వేచ్ఛగా నిలువదలచిన వానిపై 1895 శాసనముచే తలకు మూడు పౌనుల వార్షికపు పన్ను విధించిరి. మొదటి యేటి జీతమును కూడి చూచిన ఆఱు పౌనులు. అందు సగము పన్నునకే. తరువాత పదమూడేండ్లు దాటిన బాలికలను, పదునాఱేండ్లు దాటిన బాలురను సైతము ఈ పన్ను విడువలేదు. మరల ఒడంబడిక వ్రాయించుకొనుటకో, దేశము విడిచిపోవుటకో వారిని నిర్బంధించుటయే దీని యుద్దేశము.

ఈ తెలుగుకూలీలలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతముల బాప్టిస్టులును గలరు. నెల్లూరి మిషను చరిత్రము వేఱుగ చెప్పదగినది. 1836లో శామ్యూలు డే వచ్చిన నాటనుండి చిరకాలము ఫలము లేక, దీనిని ఎత్తివేయుదమా యని అమెరికాలోనే తర్కించిరి. 1876-78 క్షామమున జాన్ క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకమున పని గుత్తకు తీసికొని బీదలకు కూలి కల్పించెను. 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఘములనుండి పుట్టినవారే 1897లో తెలుగు బాప్టిస్టు హోంమిషనరీ సొసైటీ స్థాపించుకొనిరి. నేటాలు తోటలలోని తమవారు బోధకుని కోరగా, ఈ సొసైటీ నెల్లూరినుండి జాన్ రంగయ్య యను నాతనిని 1903లో పంపెను. ఆ యేటి డిసెంబరు మాసమున, డర్బనుకు ఉత్తరమున కియర్స్‌నీ తేయాకు తోటయొద్ద, ఆయన తెలుగు బాప్టిస్టు సంఘమును స్థాపించెను. ఆఫ్రికాఖండమున భారతీయ బాప్టిస్టులకు ఇదియే మొదటి సంఘమని చెప్పుదురు. 1915లో తాను మరణించు వఱకు రంగయ్య ఆ దేశముననే నిలిచెను.

ఇందు గమనింపదగినవి మూడు గలవు. మొదటిది, ఆయనను పంపిన సంఘము తెలుగువారిది. అమెరికను మిషను కొలువులోని యుద్యోగిగా ఆయన పోలేదు. అన్యులవలన పుచ్చుకొన్న బీదజనము ఒక తరములోననే ఇచ్చువారైరి. విద్యావంతులమగు మనము సభలలో స్వావలంబనమును గూర్చి తీర్మానములు చేయుచుండగా, వాడలలోని సంఘములు దానిని ఆచరించి చూపినవి. రెండవది, ఆయన పిలుపు లేక పోలేదు. తోటలలోని వారే కోరిరి. మూడవది, ఆయన చూచి వచ్చుటకు పోలేదు. భార్యతో పోయి పండ్రెండేండ్లు వారి నడుమ జీవించెను. కూలీకి ఆదివారమొక్కటే తీరికదినమైన తోటలలో తెలుగుమాట, తెలుగుపాట, తెలుగుచదువు నిలిచినచో అది కేవలము మతవిషయము కాదు. ఓడయెక్కునాడు సంఖ్యగా మార్చబడిన మనిషి మరల పేరుగలవాడగుట.

హిందువులైన తెలుగువారికిని ఈ యవసరమే యుండెను. వారును కాలక్రమమున దక్షిణాఫ్రికాలో తమ సంఘములను కట్టుకొని, 1931లో ఆంధ్రమహాసభను స్థాపించిరి. మతములు వేఱైనను వెలితి యొకటియే. అది యెవరైన వచ్చి మన భాషలో మనలను పలుకరింపవలెనను దప్పి.

అయిన రంగయ్యచరిత్రమున పరిమితియు గలదు. ఆయన సేవ తనవారికడకే పోయినది. చెఱకుతోట యే జులూజనుల భూమిపై నాటబడెనో ఆ జనులతో తెలుగుసంఘమునకు బంధుత్వము మిక్కిలి స్వల్పము. కాలక్రమమున సంఘములలో చీలికలును పుట్టినవి. కూలియొడంబడిక అన్యాయమును ఎదిరించు పని వేఱొకచోట జరిగెను. 1904లో డర్బను సమీపమున ఫీనిక్సు ఆశ్రమమును నెలకొల్పిన గాంధీ 1913లో గనికూలీలను సమ్మెకు లేపెను. ఆ మంట తీరప్రాంతపు చెఱకుతోటలకు ప్రాకెను. 1914లో మూడు పౌనుల పన్ను రద్దయ్యెను. ఆ సంవత్సరారంభముననే మన దేశమునుండి సి. ఎఫ్. ఆండ్రూసు పియర్సనుతో గూడి నేటాలు చేరి గాంధీకి తోడుపడెను. మఱుసటియేట ఫిజీకి పోయి కూలీల దుస్థితిని లోకమునకు వెల్లడించెను. ఆండ్రూసు మిషనరీగా ఈ దేశమునకు వచ్చినవాడే. తన మతమును విడువలేదు. ఇతరుల మతమును విడువుమని కూలీల నడుగలేదు. దీనబంధువను పేరు ఆయనకు ఊరక రాలేదు.

ఇప్పుడు ఆఫ్రికావారి పక్షము వినవలెను. ఆత్మకూరి పొరుగున పనిచేసిన మెన్నొనైటు సంఘమే కాంగోదేశమునందును పనిచేసెను. ఏరన్ జాన్‌జెను దంపతులు 1912లో అచ్చటికి పోయిరి. క్విలు ప్రాంతపు కఫుంబా వారి కేంద్రమయ్యెను. 1943లో అమెరికా మెన్నొనైట్ బ్రదరన్ సమాజము దానిని తన మిషనుగా స్వీకరించెను. కాంగో పల్లెయు పాలమూరు పల్లెయు ఒకే చందాపెట్టె లెక్కలలో ప్రక్కప్రక్కన నిలిచినవన్నమాట. అచ్చట ప్రభుత్వము బెల్జియమువారిది. అంతకుముందు, 1908 వఱకు, ఆ దేశమంతయు లియొపోల్డు రాజు సొంత ఆస్తి. రబ్బరు తక్కువ తెచ్చిన పల్లెలపై సైనికులు పడి చేతులు నఱకిన కాలమది.

ఆ ఘోరమును లోకమునకు చూపినవారిలోనే కొందఱు మిషనరీలు నుండిరి. ఆలిస్ హారిస్ అను ఆంగ్లమహిళ 1904లో తీసిన ఛాయాచిత్రములు ఐరోపాను కలచివైచినవి. అమెరికాలోని నల్లజాతివాడైన విలియము షెపర్డు కసాయి ప్రాంతమున రబ్బరు కంపెనీ దుష్కృత్యములను ప్రకటించి, 1909లో కోర్టు నెదుర్కొని, నిర్దోషిగా వెలువడెను. వీరి సేవ పంచిన మందులలో లేదు. తాము కన్నదానిని దాచకుండుటలో గలదు. తక్కిన మిషనరీలలో ఎందరో దొరతనమువారి యనుమతి పోవునేమో యని మౌనము వహించిరి. పల్లెవాడు ఈ రెండు విధములవారిని ఎఱుగును. న్యాసాలాండులో మిషను నడుపుచుండిన జాన్ చిలెంబ్వే యను ఆఫ్రికా బోధకుడు 1915లో తోటయజమానుల హింసకు తాళజాలక తిరుగబడి ప్రాణము గోల్పోయెను. డర్బను చెంత ఓలాంగె విద్యాలయమును 1901లో స్థాపించిన జాన్ డ్యూబె మిషనుబడిలో చదివినవాడే. 1912లో ఆ దేశపు జాతీయకాంగ్రెసునకు తొలి యధ్యక్షుడయ్యెను. మిషను ఇచ్చిన అక్షరమును గ్రహించి, మిషను పెత్తనమును నిరాకరించుట ఆఫ్రికా నేర్చిన విద్య. ఇది మన విద్యయు నగును.

మన తెలుగుగడ్డనుండియే ఈ మాట లోకసభ యెదుట వినబడెను. తిరునల్వేలివాడైన వి. ఎస్. అజరయ్య నైజాము రాజ్యపు డోర్నకలులో బోధకుడై యుండి, 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభకు పోయెను. మీరు మాకొఱకు ధనమును ప్రాణమును ఇచ్చితిరి, కాని మాకు కావలసినది మీ స్నేహము అను భావమును ఆ దొరల సభలో నిర్భయముగా వెల్లడించెను. ఒకే బల్లవద్ద కూర్చుండనీయని సేవను ఆత్మగౌరవము గలవాడు భరింపజాలడని దాని తాత్పర్యము. రెండేండ్లకు ఆయనయే డోర్నకలు బిషప్పయ్యెను. క్రమముగా పెత్తనము దేశీయుల చేతికి వచ్చినది. నేడు మెన్నొనైట్ బ్రదరన్ సంఘీయులు అమెరికాలోకంటె మన దేశముననే అధికముగా నున్నారు, కాంగోలోను అట్లే. దాత వెడలిపోయిన పిమ్మట నిలిచినదే నిజమైన దానము.

ఈ చరిత్రమంతయు ముందుంచుకొని నేటి యాత్రాజట్లను పరీక్షింతము. అందు చేరగోరు తెలుగు యువకుడు, హిందువైనను క్రైస్తవుడైనను, ఓడయో విమానమో యెక్కుటకు ముందు నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పవలెను. నన్ను పిలిచిన దెవరు? ఆ పల్లెయా, లేక నన్ను పంపు సంఘమా? వారి భాష నాకెంత వచ్చును? నేను కట్టు గోడను ఆ యూరి తాపీవాడు కట్టలేడా? విమానమునకైన ఖర్చులో కొంత అతనికిచ్చిన, అతని యింట పొయ్యి మండుటయు బడిగోడ లేచుటయు ఒక్కసారియే జరుగవా? తుదిప్రశ్న కడు ముఖ్యము: నా మందు పుచ్చుకొన్నవాడు నా ప్రార్థనకు రానన్నచో, రేపు అతనికి మందు దొరకునా? ఈ చివరిదానికి దొరకునని నిస్సంకోచముగా చెప్పగలవాడే సేవకుడు. తక్కినవాడు వర్తకుడు, అతని తక్కెడలో ఒకవైపు మందు, ఒకవైపు మనస్సాక్షి.

రెండు వారముల యాత్ర యంతయు వ్యర్థమని మా వాదము కాదు. కన్నుశస్త్రము నేర్చిన వైద్యుడు రెండు వారములలో ఎందరికో చూపు నీయగలడు. నేర్పు లేనివాడు పోయిన చూచుటయే గాని చేయుట యుండదు. పిల్లలను చుట్టు నిలిపి ఛాయాచిత్రము తీయించుకొనుట సేవ కాదు. మన తాతలు నిలుచుండిన అట్టి చిత్రములు ఏ పరదేశపు పెట్టెలలోనో నేటికిని ఉండవచ్చును. ఆ చిత్రముల క్రింద మన పేర్లు వ్రాయబడియుండునా యని ఆలోచించినచో, నేటి ఆఫ్రికాబాలుని మనస్సు మనకు బోధపడును.

తుదకు మన యింటిమాట. పాలమూరు కూలీ యనగా భారతదేశమంతటను ఎఱుగనివారు లేరు. ఆనకట్టలు, కాలువలు, రహదారులు, పట్టణపు మేడలు అతని చెమటతో లేచినవి. గుంపుమేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు చేతబట్టి, భార్యతో, చంకబిడ్డతో ఊరు విడిచినవాడు నేటాలునకు ఓడయెక్కిన కూలీకి తోబుట్టువు. ఆత్మకూరి చెంత కృష్ణపై 1981లో శంకుస్థాపన జరిగిన జూరాల ఆనకట్ట 1995లో ప్రారంభమై కొన్ని పొలములను తడిపినది. వలస కొంత తగ్గినది గాని నిలిచిపోలేదు. ఆ కూలీని వెదకుకొనుచు, అతడు పనిచేయు బొంబాయి గుడిసెకు, పూనా కట్టడమునకు, మన యూరినుండి ఎవడు పోయెను? అతని బిడ్డకు తెలుగక్షరము చెప్పుట కెవడు నిలిచెను? నెల్లూరి బీదసంఘము 1903లో సముద్రము దాటించి ఒక మనిషిని తనవారికడకు పంపగలిగెను. భూములును, మిద్దెలును, ఓటుబలమును గల మనము రైలుదాటి పంపలేకపోతిమి.

ఆఫ్రికా పల్లెలకు పోవువారిని మేము వారింపము. పోయి నేర్చుకొని రండని చెప్పుదుము. అయితే దూరపు దీనునిపై కరుణ, వాకిటి కూలీపై నిర్లక్ష్యమునకు ప్రాయశ్చిత్తము కాజాలదు. ఈ నాలుగు పట్టణములలోని రైతుపెద్దలు, వర్తకులు, వకీళ్లు ఏటేట తమ యూరినుండి వలసపోవు కుటుంబముల పేర్లు వ్రాసికొని, వారున్నచోటికి సంవత్సరమున కొక్కసారి యైనను ఒక ఉపాధ్యాయుని, ఒక వైద్యుని, లెక్కలు చూచి మేస్త్రీని నిలదీయగల ఒక వకీలును పంపుటకు పూనుకొందురు గాక. ఏ మతమువాడని అడుగక పంపుదురు గాక. ఆ పని చేసిననాడు మిషనులను విమర్శించు హక్కు మనకు కలుగును. అప్పటికి విమర్శింపవలసిన యవసరమును చాలవఱకు తీరియుండును.